ఒకరు తిథి మరిచారు, ఒకరు సిగ్గు మరిచారు

మొన్న మైదుకూరు నుంచి ఒకామె నన్ను వెతుక్కుంటూ ప్రొద్దుటూరు వచ్చింది. ఆమె భర్తకు ఇంకా యాభై నిండలేదు. సంతకు ఎద్దుల్ని తోలుకుపోయి, తిరిగి ఇంటి దారి మరిచిపోయాడట. "టీచరమ్మా, మీ ఇంటాయనకు మొదట ఎట్ల వచ్చింది? ఆ పైన ఏమైతాది?" అని అడిగింది. మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి చెప్పాను. మంచి చేస్తున్నాననుకునే చెప్పాను. తీరా చూస్తే ఆమె వచ్చినప్పటికంటే ఎక్కువ భయపడి బస్సెక్కింది. నోటితో చెబితే ఇదే చిక్కు, ఎక్కడ ఆపాలో తెలీదు. రాస్తే చదివేవాళ్ళు తట్టుకోగలిగినంత చదివి పక్కన పెట్టొచ్చు. అందుకని రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. ఆడపిల్లల ఎలిమెంటరీ బడిలో టీచర్ని. మా ఆయన పౌరోహిత్యం చేసేవారు. ఆయన పేరు నోటితో పలికే అలవాటు నాకు లేదు, రాతలోనూ పలకను. మాకు పిల్లలు దక్కలేదు. ఈ జబ్బు మా ఇంట్లో ఏడేళ్ళు కాపురం చేసింది. ఇందులో రకాలున్నాయనీ, రకాన్ని బట్టి దారి మారుతుందనీ తెలియడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. తెలియక పడిన భయం, తెలిసి పడిన కష్టం కంటే పెద్దది. కష్టాన్ని నేనెట్లాగూ తప్పించలేను. భయమైనా కొంత తగ్గితే చాలు.

మా ఇంట్లో ఏ సంగతైనా తెలుగు సంవత్సరాల పేర్లతోనే గుర్తు. ఇదీ అట్లాగే చెబుతాను.

జయ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. ఆయనకు నలభై ఎనిమిది. రాయిలాంటి మనిషి. పెన్న దాటి ఎర్రగుంట్ల దాకా నడిచిపోయి, పెళ్ళి చేయించి, మళ్ళీ నడిచే వచ్చేవారు.

పౌరోహిత్యం సంగతి తెలియనివాళ్ళకు ఒకటి చెప్పాలి. ఏ పూజకైనా, ఏ తద్దినానికైనా మొదట సంకల్పం చెప్పుకుంటారు. ఎక్కడ కూర్చున్నాం, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం, ఎవరి గోత్రం, ఎవరి పేరు, ఇవన్నీ పురోహితుడు పలికితే ఇంటాయన తిరిగి పలుకుతాడు. మంత్రాలు ఎప్పుడూ ఒకటే. చిన్నప్పుడు నోటికెక్కినవి, వాటంతటవే వస్తాయి. ఏ రోజుకా రోజు ఆలోచించి మార్చి చెప్పాల్సింది సంకల్పం ఒక్కటే. జబ్బు సరిగ్గా అక్కడ దూరింది.

పొద్దున స్నానం చేసి బయల్దేరుతూ, "ఈ పొద్దు తిథి ఏందే?" అని నన్నడగడం మొదలుపెట్టారు.

"ఊరందరికీ చెప్పేది మీరు. మీకు చెప్పేది నేనా?" అని నవ్వేదాన్ని. ఆయనా నవ్వేవారు. నేను చెప్పింది వల్లించుకుంటూ వీధి దాటేవారు. ఒకరోజు వీధి చివరి నుంచి వెనక్కొచ్చి మళ్ళీ అడిగారు. ఆ రోజు ఇద్దరం నవ్వలేదు.

అయినా నాకు తట్టలేదు. పెళ్ళిళ్ళ కాలం, ఒకే రోజు నాలుగిళ్ళకు తిరగాలి, ఎవరికైనా మతి నిలుస్తుందా అనుకున్నాను. ఇంతలో బంగారు అంగడి శెట్టిగారింట్లో తద్దినం వచ్చింది.

అది పోయిన పెద్ద శెట్టిగారి తద్దినం. పెద్ద కొడుకు కర్త. చిన్న కొడుకు పక్కనే కూర్చుని దర్భలు అందిస్తున్నాడు. పిండం పెట్టించేటప్పుడు పోయినాయన పేరు చెప్పాలి. మా ఆయన ఆ చిన్న కొడుకు పేరు చెప్పారు. పురోహితుడు ఏమంటే అది అనడం కర్తకు అలవాటు. ఆ పెద్ద కొడుకు తమ్ముడి పేరు పలికి, చేయి తిప్పి పిండం పెట్టేశాడు కూడా. పెట్టిన తర్వాత గాని ఏం పలికాడో అతనికి తెలియలేదు.

సాయంత్రం శెట్టిగారి పెద్ద కోడలు మా గడప ముందు నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బతికినోనికి పిండం పెట్టిచ్చినాడు గదమ్మా సామి! ఇంగ మా మరిదికి ఏమన్నా అయితే ఎవురమ్మా దిక్కు?"

మా ఆయన లోపలి నుంచి వచ్చారు. నేను ఆయన వాదిస్తారనుకున్నాను, లేకపోతే చేతులు జోడిస్తారనుకున్నాను. ఆయన నా వైపు చూసి, "నేనట్ల అన్నానా?" అని అడిగారు. బుకాయింపు కాదు. నిజంగానే అడుగుతున్నారు. 

ఆ మరిదికి ఆ వారమే జ్వరం వచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. జ్వరం తగ్గి ఆయన ఇప్పటికీ అంగట్లో దుక్కలా కూర్చుని బంగారం తూస్తున్నాడు. కానీ ఊళ్ళో మా పని ఆ వారంతోనే అయిపోయింది.

మన్మథ

పిలిచే ఇళ్ళు ఒక్కొక్కటే మానుకున్నాయి. పండక్కి కొబ్బరికాయ పంపేవాళ్ళు, పూజకు మాత్రం ఇంకొకర్ని పిలిచేవాళ్ళు. తలా ఒక మాట అన్నారు. దానాలు పట్టి పట్టి పరాయివాళ్ళ పాపం తలకెక్కిందన్నారు. గాలి సోకిందన్నారు. ఇంట్లో సంపాదించే ఆడదుంటే మగవాడి మతి అట్లాగే చెడుతుందని మా దగ్గరి చుట్టమే ఒకావిడ అన్నది. ఆవిడకు నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

నేను చేయనిది లేదు. సరస్వతాకు రసం పోశాను. నెత్తిన నూనె పెట్టాను. వేంపల్లె పోయి తాయెత్తు కట్టించాను. ఆయన అన్నిటికీ తలవంచేవారు. ఎదురు చెప్పి ఉంటే నాకు కొంత ధైర్యంగా ఉండేదేమో.

ఆయన అన్నగారు కడపలో తాలూకాఫీసు గుమాస్తా. ఆయన్ను నేను బావగారంటాను. నెలకొకసారి వచ్చి తమ్ముణ్ణి పరీక్ష చేసేవారు. నిన్న ఏం తిన్నావురా, మొన్న ఎవరొచ్చార్రా అని అడిగి, తమ్ముడు తడుముకుంటుంటే నా వైపు చూసేవారు. ప్రేమ లేక కాదు, భయంతో అడిగేవారు. అది మాత్రం ఇంకెవరూ చేయొద్దు. జ్ఞాపకం పోయిన మనిషికి పరీక్ష పెడితే జ్ఞాపకం రాదు, అవమానం ఒక్కటే గుర్తుంటుంది. ఏమడిగారో మరిచిపోయి కూడా, అన్నగారు వెళ్ళిన తర్వాత ఆయన చాలాసేపు తలుపు వైపే చూస్తూ కూర్చునేవారు.

దుర్ముఖి

ఆంధ్రప్రదేశ్ వచ్చిందని బడిలో పిల్లలకు పిప్పరమెంట్లు పంచిన ఏడు. ఆ ఏడే మొదటిసారి జమ్మలమడుగు మిషనాసుపత్రికి తీసుకుపోయాను.

వరండాలో బల్లల మీద కూర్చుని పిలుపు కోసం చూడాలి. ఆ వరండాలో గడిపిన కాలం అంతా కలిపితే ఒక చిన్న ఉద్యోగం చేసినట్టే. కాన్పుకొచ్చినవాళ్ళు, కండ్లు పోయినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, అందరికీ ఏదో ఒకటి చూపించడానికి ఉంటుంది. నా పక్కన కూర్చున్న మనిషిలో చూపించడానికి ఏమీ లేదు. పట్టు అంచు పంచె, చెవులకు పోగులు, ప్రశాంతమైన ముఖం. "మీకేమమ్మా జబ్బు?" అని అందరూ నన్నే అడిగేవాళ్ళు.

డాక్టరు చిన్నవాడు. ఈ రోజు ఏ వారం, ఇది ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగాడు. మా ఆయన కండ్లు మూసుకుని, వీపు నిటారుగా పెట్టి, సంకల్పం ఎత్తుకున్నారు. ఖంగుమనే గొంతు. ద్వీపం, ఖండం, పర్వతానికి ఏ దిక్కు, నదులకు ఎటువైపు, అన్నీ వరసగా వచ్చాయి. సంవత్సరం దగ్గర తడబడకుండా ఖర నామ సంవత్సరమని పలికారు. డాక్టరు సంతోషించి, "చాలా స్పష్టంగా చెబుతున్నారే!" అన్నాడు.

"అది ఐదేండ్ల కిందటి సంవత్సరం, సార్" అని నేనే చెప్పాల్సి వచ్చింది. మా ఆయన కండ్లు తెరిచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇంటి గుట్టు బయట పెట్టినట్టు చూశారు.

రక్తం తీసి పరీక్షకు పంపారు. ఎందుకని అడిగితే డాక్టరు నా ముఖం చూడకుండా, తిరుగుళ్ళు తిరిగినవాళ్ళకు వచ్చే రోగం కూడా మతి పోగొడుతుందనీ, అది కాదని తేల్చుకోవాలనీ చెప్పాడు. అది కాదని తేలింది. అదే అయినా బాగుండేది, దానికి సూదిమందుంది అనుకున్నాను. ఇటువంటి కోరిక కోరుకున్న ఇల్లాలు ఇంకొకతె ఉంటుందా అని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ వరండాలోనే రంగమ్మ కనిపించింది. పులివెందుల. ఆమె భర్త ఓబయ్య శెట్టికి అక్కడ బట్టల అంగడి. మా ఆయన ఈడువాడే, రెండేళ్ళు ముందుగా జబ్బుపడ్డాడు. వాళ్ళు మా పక్కన కూర్చోగానే శెట్టి చేయి చాచి, ఎదురుగా ఉన్న పసిపిల్ల చేతిలోని మురుకు లాక్కుని తినేశాడు. పిల్ల ఏడిస్తే నవ్వాడు. రంగమ్మ ఆ పిల్ల తల్లి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

"ఎట్లాంటి మనిసి అనుకున్నావమ్మా!" అన్నది నాతో. "ఆడమనిసి అంగట్లోకొస్తే తలెత్తి చూసేటోడు గాదు. ఒకనాడు ఒకాయన శవం మీద కప్పే బట్టకొచ్చినాడు. తల్లి సచ్చిపోయిందంట. ఈయప్ప నవ్వి, రెండు తీస్కపో, ఇంకోటి అక్కరకొస్తాది అన్నాడు. ఆ పొద్దే నాకు తెల్సె, ఈయన మా ఆయన గాడని."

"మరిచిపోతాడా?"

"యాడ మర్సిపోతాడు! ఎవురెవురు ఏ పండక్కి ఏ రంగు చీర కొన్నారో అన్నీ చెప్తాడు. అన్నీ గ్యాపకముండాయి. సిగ్గొకటే లే, జాలొకటే లే."

ఇద్దరిదీ మెదడు అరిగిపోయే జబ్బేననీ, ముసలితనంలో రావాల్సింది ముందే వచ్చిందనీ, మందు లేదనీ డాక్టరు చెప్పాడు. ఇద్దరిదీ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అంటే ఒకే దారి. శెట్టి రెండేళ్ళు ముందు నడుస్తున్నాడు. ఈయనా అక్కడికే చేరతారు. ఆ రోజు నుంచి నేను ఓబయ్య శెట్టిని పంచాంగం చూసినట్టు చూడడం మొదలుపెట్టాను, మాకు ముందు ఏమి రాసి ఉందో తెలుసుకోవడానికి.

నెలనెలా అదే వరండాలో కలిసేవాళ్ళం. రంగమ్మ నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, రోగాల్లోనూ అంతే. శెట్టి ఎంత దూరం నుంచైనా భార్యను గుర్తుపట్టి పేరు పెట్టి పిలుస్తుంటే నాకు కుళ్ళుగా ఉండేది. మా ఆయన నర్సమ్మకు కూడా లేచి నమస్కారం పెడుతుంటే రంగమ్మ కండ్లు తుడుచుకునేది.

హేవళంబి

కొత్త పైసలు వచ్చిన ఏడు. అణాల లెక్క, పైసల లెక్క కలవక ఊరంతా మా ఆయనలాగే అయిపోయింది. అంగట్లో ఆయన తికమకపడితే ఎవరూ వింతగా చూడలేదు. ఆ కొన్ని నెలలు మాకు కొంచెం ఊపిరి ఆడింది.

ఇంట్లో ఒంటరిగా వదలడానికి లేకుండా పోయింది. మా పెద్ద టీచరు, "తీసుకొచ్చి నీ తరగతిలోనే కూర్చోబెట్టుకో, నేను చూడలేదనుకో" అన్నది. మూడో తరగతి వెనక బల్ల మీద కూర్చునేవారు. ఆడపిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఆయనా గొంతు కలిపేవారు. పన్నెండో ఎక్కం దాకా ఎక్కడా తప్పేవారు కాదు. పిల్లలు ఆయన్ను వెక్కిరించలేదు. పలక పట్టుకొచ్చి, "అయ్యోరూ, ఇది కరెక్టేనా?" అని చూపించేవాళ్ళు. ఆయన అన్నీ కరెక్టే అనేవారు. మా బడిలో అంత మంచి మార్కులు ఎవరూ వేయలేదు.

మా వీధిలో జట్కా తోలే మస్తాన్ సాయబు ఇంకొక మేలు చేశాడు. మా ఆయన దారి తప్పి ఎక్కడైనా నిలబడి ఉంటే, "సామీ, పెండ్లికి టైమయితాంది, ఎక్కండి" అని బండెక్కించి, ఊరంతా ఒక చుట్టు తిప్పి మా ఇంటి ముందు దించేవాడు. దారి తప్పారని ఒక్కసారీ అనలేదు.

కానీ ఒకసారి మస్తాన్ కంటికీ కనబడకుండా పోయారు. ఒక పగలు, ఒక రాత్రి. పెన్నలో నీళ్ళున్న రోజులు. మరునాడు కమలాపురం రైలుస్టేషన్లో దొరికారు. ఎట్లా పోయారో తెలీదు. స్టేషన్లో ఎవరో మజ్జిగ పోసి, అరుగు మీద పడుకోబెట్టారట. ఊరు అడిగితే చెప్పలేదు, గోత్రం చెప్పారట. పత్తి వ్యాపారి ఒకాయన గుర్తుపట్టి తీసుకొచ్చాడు. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. "యాడికి పోయినారు?" అంటే, "నువ్వే కదా రమ్మనింది" అన్నారు.

బావగారు ఈసారి గట్టిగా పట్టుకున్నారు. "చూడమ్మా, నువ్వొక్కదానివి ఎన్నాళ్ళు మోస్తావు? మదరాసులో పిచ్చివాళ్ళ ఆసుపత్రి ఉంది. ఆడ డాక్టర్లుండారు, మనుషులుండారు, తలుపులుండాయి."

"తలుపులు మనింట్లోనూ ఉండాయి బావగారూ."

"రేపు వాడు నీ మీద చెయ్యెత్తితే? వీధిలో బట్టలిప్పితే? అప్పుడు ఊరే కట్టేయమంటుంది. కట్టేసి చూస్తావా?"

 పులివెందులలో అదే జరుగుతోందని నేను విని ఉన్నాను. ఏడాదిగా రంగమ్మ ఆసుపత్రికి రావడం మానేసింది.

విళంబి

నా కండ్లతో చూడాలనిపించింది. మా ఆయన్ను బావగారి దగ్గర వదిలి, ముద్దనూరులో బస్సు మారి పులివెందుల పోయాను.

అంగడి మూసేసి ఉంది. శెట్టి వెనక గదిలో ఉన్నాడు, గడియ బయటి వైపు. ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తున్నాడు. గోడల కింది సున్నం ఆయన చేయి రాసుకుని నల్లబడింది. మూతికి బెల్లం. రంగమ్మ గడియ తీయగానే నన్ను చూసి, "ప్రొద్దుటూరు టీచరమ్మ. సామి రాలేదే?" అన్నాడు. రెండేళ్ళ తర్వాత చూస్తున్నాడు. నా చీర కూడా ఆసుపత్రిలో కట్టిందేనని చెప్పాడు. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత, "బెల్లం" అన్నాడు. రంగమ్మ, "అయిపోయింది, సాయంత్రం తెస్తా" అన్నది. చేతిలో ఉన్న కంచం ఆమె ముఖం మీదికి విసిరేశాడు. తగిలిందో లేదో చూడను కూడా చూడకుండా మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు.

రంగమ్మ నుదురు తుడుచుకుని, "ఇది దినామూ ఉండేదేలే అక్కా" అన్నది. నాకు కాఫీ కలపడానికి లేచింది. నేను ఆ కాఫీ ఎట్లా తాగానో గుర్తులేదు.

తిరుగు బస్సులో నిర్ణయం చేసుకున్నాను. ఆయన ఇట్లా కాకముందే మదరాసు పంపించేస్తాను. నా ముఖం మీద కంచం విసిరే మనిషిగా ఆయన్ను నేను చూడను. పిరికితనమే కావచ్చు. అలసిపోయిన మనిషికి పిరికితనం ఏది, తెలివి ఏది అని వేరు చేసే ఓపిక ఉండదు.

జమ్మలమడుగులో దిగి, ఆయన కాగితాలు మదరాసు వాళ్ళకు కావాలంటే అడిగి పెట్టుకుందామని ఆసుపత్రికి పోయాను. ఆ రోజు పెద్ద డాక్టరు ఉన్నారు, తెల్ల జుట్టు ఆయన. అన్నీ విని, పులివెందులలో నేను చూసింది మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత అన్నారు:

"అమ్మా, ఆ జబ్బు మీవారికి రాదు. అది వేరు, ఇది వేరు."

"ఇద్దరిదీ ఒకటేనన్నారు కదండీ!"

"రెండూ మెదడు కుంచించుకుపోయేవే. కానీ ఇల్లు అంటుకున్నప్పుడు ఏ గదిలో నిప్పు మొదలైందో చూడాలి. శెట్టిగారికి మర్యాద, దయ, అదుపు ఉండే గదిలో మొదలైంది. జ్ఞాపకం ఉండే గది ఇంకా నిలిచే ఉంది. ముందు ముందు మాటలు తగ్గుతాయి, అన్నదే అంటారు, చివరికి మూగబోతారు. మీవారికి జ్ఞాపకాల గదిలో మొదలైంది. కొత్తవి ముందు పోతాయి, పాతవి తర్వాత పోతాయి. దారులు, తర్వాత మనుషులు, తర్వాత మాటలు, తర్వాత ఒంటి పనులు. మెల్లగా దిగుతుంది. ఇంకొక రకం ఉంది, రక్తనాళాలు మూసుకుపోయి వస్తుంది. కొన్నాళ్ళు అట్లాగే ఉండి ఒక్కసారిగా ఒక మెట్టు పడిపోతారు. మీవారిది అదీ కాదు. మీరు చెప్పే దానిలో మెట్లు లేవు, వాలు ఉంది."

"నన్ను కొడతారా?"

"భయమేస్తే కొట్టొచ్చు. కానీ మంచితనం చాలాకాలం ఉంటుందమ్మా. నేను చదివింది ఎక్కువ, చూసింది తక్కువ. తప్పూ కావచ్చు."

"చివరికి?"

"చివరికి అన్నీ ఒకచోటికే చేరతాయి. అబద్ధం చెప్పలేను."

బయటికొచ్చి వరండాలో కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే. మందు లేదు, తగ్గదు, నన్ను మరిచిపోతారు, మాట పోతుంది, అయినా సంతోషం. ఆయన ఆయనగానే పోతారని తెలిసింది. కడప పోయి ఆయన్ను ఇంటికి తెచ్చుకున్నాను. బావగారికి ఒకటే చెప్పాను: "గడియ బయట పెట్టాల్సిన రోజు వస్తే నేనే పంపిస్తా. అందాకా ఈ మాట ఎత్తొద్దు."

వికారి, శార్వరి

డాక్టరు చెప్పిన వరసలోనే దిగింది. ముందు నన్ను మరిచిపోయారు. ఒక పొద్దున అన్నం పెడుతుంటే, "ఎవురమ్మా నువ్వు? పాపం శానా చేస్తాండావు. మీ ఇంట్లో వాళ్ళు ఏమీ అనుకోరా?" అన్నారు. ఏమీ అనుకోరని చెప్పాను. వంటింట్లోకి పోయి మజ్జిగ తీసుకుని మళ్ళీ వచ్చాను. ఆ రోజు కోసం ఎన్నేళ్ళుగానో భయపడ్డాను. వచ్చాక చూస్తే, ఆ రోజు కూడా మధ్యాహ్నం వంట చేయాల్సే వచ్చింది.

ఒకసారి కొట్టారు కూడా. స్నానం చేయిస్తూ పంచె విప్పబోయాను. చెంబుతో చెంప మీద కొట్టారు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. పులివెందుల వచ్చేసింది, డాక్టరు చెప్పింది తప్పు అనుకున్నాను. బావగారికి ఏ మాట పంపాలో కూడా మనసులో కూర్చుకున్నాను. అప్పుడు ఆయన వైపు చూశాను. పంచెను రెండు చేతులా గుండెకు అదుముకుని వణుకుతున్నారు. ఎవరో తెలియని ఆడమనిషి వచ్చి బట్టలు లాగుతుంటే మానం ఉన్న ఏ మగవాడైనా ఏం చేస్తాడు? సిగ్గు పోలేదు ఈయనకు. సిగ్గు ఉండబట్టే కొట్టారు. ఆ తర్వాత నేను ముఖం పక్కకు తిప్పుకుని, చెంబు ఆయన చేతికే ఇచ్చి, ముందుగా మాట చెప్పి, ఆ తర్వాతే చేయి వేసేదాన్ని. మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు. మైదుకూరు ఆమెకు నేను చెప్పాల్సిన, పనికొచ్చే మాట ఇదొక్కటే. అదే మరిచిపోయాను.

ఓబయ్య శెట్టి మాటలు తగ్గి తగ్గి బెల్లం అన్న ఒక్క మాటకు వచ్చాయి. తర్వాత అదీ పోయింది. మంచం పట్టి, ఒక వైపుకు ముడుచుకుని పడుకున్నప్పుడు ఒకసారి పోయి చూశాను. వికారి మాఘంలో పోయాడు. చావుకు మళ్ళీ పోయి వచ్చాను. రంగమ్మ ఏడవలేదు. కంట తడి లేదని పులివెందుల అంతా అనుకున్నారు. నా చెవిలో మాత్రం, "కోపం తగ్గలేదక్కా. ఏడుపు యాడొస్తాది?" అన్నది.

ప్లవ

మా ఆయనకు మొదట మాట పోయింది, తర్వాత మంత్రం పోయింది, తర్వాత నడక పోయింది. మింగడం మరిచిపోయారు. జావ నోట్లో పెట్టి గొంతు నిమరాలి. సరిగ్గా శెట్టి పడుకున్నట్టే, అదే వైపుకు ముడుచుకుని పడుకున్నారు. రెండు దారులు, ఒకే చోటు. పెద్ద డాక్టరు అబద్ధం చెప్పలేదు.

బడికి సెలవు పెట్టాను. పగలూ రాత్రీ గంటకొకసారి పక్క తిప్పాలి. ఒళ్ళు పుండ్లు పడకుండా చూడడమే ఇద్దరికీ మిగిలిన పని. ఆయన మూలిగితే లేవడం, మూలగకపోతే ఊపిరి ఉందో లేదోనని లేవడం.

పిలవకుండానే రంగమ్మ పులివెందుల నుంచి మూట కట్టుకుని వచ్చింది. "నాకాడ ఎవురుండారక్కా? ఈ పని నాకు అలవాటే కదా" అన్నది. ఆమె ఆయన మంచం దగ్గరికి పోయి నిలబడింది. ఆయన కండ్లు తెరిచి, ఆమెను చూసి, చిన్నగా నవ్వారు. ఆ నవ్వు ఒకటి మిగిలి ఉండేది. నాకోసమేనని దాచుకున్న నవ్వు. అందరికీ నవ్వుతారని అప్పుడే తెలిసింది. నాకు చివుక్కుమంది. రంగమ్మ మంచంకోడు పట్టుకుని కూలబడి, "నన్ను చూసి మొగోడు నవ్వి ఎన్నేండ్లయిందక్కా" అన్నది. అప్పుడు నా ఈర్ష్య నాకే చిన్నదిగా కనబడింది.

కార్తీకంలో ఒక ఉదయం, పాలు తోడుపెట్టి వచ్చేసరికి పోయారు. మా ఇంట్లో, తలుపు తీసే ఉంది.

బావగారికి కబురు పంపి, ఆయన కడప నుంచి రావాలని అందరం చూస్తున్నాం. కింద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. రంగమ్మ గడప దగ్గర కూర్చుని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఆయన కోసం కొంతే, రెండేళ్ళుగా రాని తన ఏడుపు మిగతాదంతా. ఏడవనీ అనుకున్నాను. నేనూ ఏడవాలనే ఆయన పక్కన కూర్చున్నాను. కూర్చుని, గోడకు తల ఆనించాను.

నిద్రపోయాను.

భర్త శవం పక్కన, ఊరి ఆడవాళ్ళందరి ముందు, నోరు తెరుచుకుని నిద్రపోయానట. చుట్టమావిడ ఒకరు భుజం పట్టి ఊపింది. "ఏందమ్మా ఈ మొద్దు నిద్ర! ఊరు సూస్తాంది, లెయ్!" అన్న మాట ఎక్కడో దూరంగా వినిపించింది. లేవాలనుకున్నాను. ఒళ్ళు కదల్లేదు. రంగమ్మ ఏడుపు ఆపి గడప దగ్గర నుంచి లేచి వచ్చిన చప్పుడు తెలిసింది. ఆమె చేయి ఆవిడ చేతిని నా భుజం మీద నుంచి తీసేసింది.

"లేపొద్దండమ్మా. ఇన్నేండ్లు ఆయన లేస్తేనే ఆయమ్మ లేసింది. ఇంగ ఆయన లేయడు. పండుకోనీండి."

బావగారు వచ్చేదాకా నన్నెవరూ లేపలేదు.